మూడో గుండు

సిగ్రిడ్ నైగార్డ్ పడవ దిగి పరుగున వచ్చే వేళకి టక్ లిండ్‌గ్రెన్ వంటింటి బల్ల మీద తన కొత్త పిస్తోలును పడుకోబెట్టి, చంటిబిడ్డకు రాసినంత ముద్దుగా నూనె రాస్తున్నాడు. గొట్టం చూస్తే బొటనవేలంత. అందులో పట్టేది మాత్రం ఎలుగుబంటిని నిలువునా ఆపే నలభై నాలుగు మాగ్నం తూటా. పిట్ట కొంచెం కూత ఘనం అన్న మాట దీన్ని చూసే పుట్టి ఉంటుందని టక్ నమ్మకం.

"కొని వారమైందిగా. ఎన్నిసార్లు కాల్చావు?" అని అడిగింది ఒడెస్సా ప్రూయిట్, కాఫీ మీంచి తలెత్తకుండా.

"ఒకసారి, బాస్."

"రెండోసారో?"

"చెయ్యి వాపు తగ్గాక."

ఒడెస్సా నవ్వింది. అలాస్కాలో ఆ అఖాతం పొడుగునా ఎవరింట్లో ఏది పోయినా, ఎవరి మీద ఏ నింద పడినా ముందు ఆమె తలుపే తట్టేవారు. అరవై దాటిన ప్రైవేట్ డిటెక్టివ్. నోరు పెడసరం, కళ్ళు డేగవి. ఆమె దగ్గర అసిస్టెంటుగా చేరి నాలుగేళ్ళయినా, ఆమె ఒక వస్తువును చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తుంటే టక్ ఇప్పటికీ ఊపిరి బిగబట్టి చూస్తాడు.

సిగ్రిడ్ అవతలి ఒడ్డున ఎబెన్ కార్‌డెల్ లాడ్జిలో గైడు. వచ్చిన అతిథులను నది మీదికి తీసుకెళ్ళి సాల్మన్ చేపలు పట్టించడం ఆమె పని. ఎలుగుబంట్లు తిరిగే ఒడ్డున పదకొండు వేసవులు తడబడకుండా నడిచిన ఆ మనిషి ఆ పూట గుమ్మం తట్టుకుని పడబోయింది.

"సాయంత్రం విమానంలో నన్ను జైలుకి తీసుకెళ్ళిపోతారు," అంది. "ఎబెన్ ముసలాయన్ని నేనే కాల్చానంటున్నారు."

తరవాత కథంతా కుండ పగిలినట్టు బయటికొచ్చింది. ముందు రోజు పొద్దున టిఫినయ్యాక ఎబెన్ నది పక్కన చేపలు పొగబెట్టే కొట్టం దగ్గరికి వెళ్ళాడు. మూడు గుళ్ళు పేలాయి. ఒకటి ఆయన తుంటిని చీల్చుకుని అవతల నదిలో పడింది. వెనక పొదల్లోంచి ఎవరు కాల్చారో ఆయన చూడలేదు. విమానంలో యాంకరేజ్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆపరేషన్ మత్తు ఇంకా వదల్లేదట. అదే విమానంలో వచ్చిన పోలీసు ట్రూపర్ డెల్మార్ ఈకిన్స్ లాడ్జి అంతా వెతికితే, వరండా మేకుకు వేలాడుతున్న సిగ్రిడ్ పొట్టి పిస్తోలులో మూడు ఖాళీ డొప్పలు, మూడు నిండు తూటాలు కనిపించాయి. గుళ్ళు పేలిన మరుక్షణమే సిగ్రిడ్ నదివైపు నుంచి పరిగెత్తుకొచ్చి పిస్తోలు బెల్టు మేకుకు తగిలించడం కళ్ళారా చూశానని మేనేజరు గారెట్ స్లోన్ ప్రమాణం చేశాడు. పుండు మీద కారంలా, ఆ ముందు రాత్రి వంటింట్లో సిగ్రిడ్, ఎబెన్ అరుచుకున్న అరుపులు లాడ్జి అంతా వింది.

"నిన్న పొద్దున నేనా బెల్టు మేకు మీంచి తియ్యనే లేదు. పడవలో చేరిన నీళ్ళు తోడేస్తున్నాను. నన్ను చూసినవాళ్ళు లేరు, అదే నా ఖర్మ," అంది సిగ్రిడ్.

"అరుచుకున్నది దేనికి?"

"వచ్చే ఏడు నుంచి లాడ్జి నాదే అన్నాడు."

"అది అరవాల్సిన సంగతేనా?"

"ఇస్తే నా పద్ధతిలో నడుపుతానన్నాను. తన పద్ధతిలోనే నడపాలని ఆయన పట్టు. ఇద్దరం మొండివాళ్ళమే. సొంత తండ్రికన్నా ఎక్కువగా చూసుకున్నాడు. ఆయన్ని నేనెందుకు కాలుస్తాను, ఒడెస్సా?"

ఒడెస్సా టోపీ పెట్టుకుంది. ఈకిన్స్ నిన్నెలా వదిలాడని అడిగితే, అఖాతం దాటి ఎక్కడికి పోతావులే అన్నాడని సిగ్రిడ్ చెప్పింది. సాయంత్రంలోగా తేలకపోతే కేసు యాంకరేజ్‌కు పోతుంది, ఇక అక్కడ కోర్టుల చుట్టూ తిరిగేసరికి లాడ్జీ ఉండదు, గైడు లైసెన్సూ ఉండదు. "నీ పిస్తోలు బొమ్మను కూడా పట్టుకో, టక్," అంటూ ఆమె అప్పటికే గుమ్మం దాటింది. టక్ ఆమె వెనకే పరిగెత్తాడు. అతను ఈ ఉద్యోగంలో ఉన్నదే ఇలాంటి పొద్దుల కోసం.

లాడ్జి రేవులో కట్టేసి ఉన్న మొదటి పడవ గారెట్‌ది. దాని చెక్కపెట్టె మూత తెరిచే ఉంది. లోపల పొడుగు గొట్టం నలభై నాలుగు పిస్తోలు ఒకటి మిలమిలలాడుతూ కనిపించేసరికి టక్ అక్కడే నిలబడి మనసు పారేసుకున్నాడు.

"లాడ్జి పాత పిస్తోలు," అంది సిగ్రిడ్. "ఉప్పునీళ్ళకి తుప్పు పట్టించాడని ముసలాయన గారెట్ మీద వేసవంతా అరుస్తూనే ఉన్నాడు. రా, పోదాం."

వరండాలో గారెట్ స్లోన్, టెక్సస్ నుంచి చేపల కోసం వచ్చిన పళ్ళ డాక్టరు రాయిస్ టిండాల్ కూర్చుని ఉన్నారు. గోడకు వరసగా మేకులు. తిండి దగ్గర తుపాకీ ఉండకూడదన్నది ఎబెన్ కట్టడి. ఎంతటివాడైనా బెల్టు విప్పి ఆ మేకులకు తగిలించాకే లోపలికి అడుగు పెట్టాలి. అంటే ఆ మేకు మీద పిస్తోలు ఎవరి చేతికైనా అందుతుందని టక్ మనసులో రాసుకున్నాడు.

టక్ నడుముకున్న పొట్టి పిస్తోలును చూడగానే మాటలు దాని మీదికి మళ్ళాయి. అది ఆయుధం కాదు, కొనుక్కున్న శిక్ష అన్నాడు డాక్టరు. ఇంత చిన్నదానికి అంత పెద్ద తూటా ఎందుకు, దూరాన ఉన్నదాన్ని కొట్టలేదు, దగ్గరున్నవాడి చెవులు పగలగొడుతుంది అని ఆయన బాధ. గారెట్ ఒప్పుకోలేదు. పడవలో వంగినా పొదలో దూరినా అడ్డు రాదు, ఎలుగు మీదపడితే ఒంటి చేత్తో లాగొచ్చు, చేతకానివాడికే అది శిక్ష అన్నాడు.

"ఆరూ ఒక్క ఊపిరిలో పేల్చేస్తాను నేను. సరదా అంటే అదీ," అన్నాడు.

"ఎప్పుడు పేల్చావయ్యా? ఆదివారం అందరితోపాటు ఒక్కటే పేల్చావు, ఐసు బక్కెట్టులో చెయ్యి పెట్టుకుని కూర్చున్నావు," అని డాక్టరు అంటించాడు.

ఆదివారం ఆట ఆ లాడ్జిలో ఆచారం. భోజనాలయ్యాక సిగ్రిడ్ పొట్టి పిస్తోలులో ఒకే ఒక తూటా వేసి, ఒక్కొక్కరికీ ఒక్క గుండు. పాత నూనె పీపాకు గురిపెట్టి కాల్చాలి. మంట బంతిలా లేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, కాల్చినవాడు చెయ్యి విదిలించుకుంటూ ఐసు బక్కెట్టు దగ్గరికి పరిగెడతాడు. రెండో గుండు ఇమ్మని అడిగిన మహానుభావుడు ఇంతవరకూ లేడు. సిగ్రిడ్ కూడా వసంతంలో కొన్నప్పటి నుంచీ ఒకేసారి ఒకటికి మించి కాల్చలేదట.

ఒడెస్సా గారెట్‌ను పక్కన కూర్చోబెట్టి రాత్రి గొడవ గురించి అడిగింది. గారెట్ తల అడ్డంగా ఊపాడు. "ఆశకి అంతుండాలి కదండీ. వచ్చే ఏడు లాడ్జి అప్పగిస్తానన్నా చాల్లేదు ఆ పిల్లకి. అన్నం పెట్టిన మనిషి మీదే నోరు పారేసుకుంది," అన్నాడు. డాక్టరును అడిగితే, కేకలు తప్ప ఒక్క మాట తెలిస్తే ఒట్టు అన్నాడు. ఆ వేళ గారెట్ ఎక్కడున్నాడో ఆయనకు గుర్తుంది. వంటింటి కిటికీ కింద బల్ల దగ్గర చేపలు కోస్తున్నాడు.

ట్రూపర్ ఈకిన్స్ చెడ్డవాడు కాదు. పొద్దుపోయేలోగా ఇంటికి చేరాలన్న తొందర ఉన్నవాడు. సిగ్రిడ్ పిస్తోలును గుడ్డలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. లోపలున్న ఆరింటినీ పక్కన పోశాడు. మూడు డొప్పల అడుగునా, మూడు తూటాల అడుగునా ఎర్ర చుక్కలు. లాడ్జికి కావలసిన తూటాలన్నీ సిగ్రిడే ఖాళీ డొప్పల్లో మందు పోసి, సీసపు గుండు బిగించి తయారు చేస్తుంది. ఆ చుక్క ఆమె గుర్తు. అవన్నీ గుమ్మం పక్క కాఫీ డబ్బాలో ఉంటాయి, ఎవరైనా తీసుకోవచ్చు.

"గొట్టం నిండా మసి ఉంది, ప్రూయిట్ గారూ," అన్నాడు ఈకిన్స్.

ఆదివారం ఆట తరవాత తుడవలేదని సిగ్రిడ్ నీరసంగా చెప్పింది. డొప్పలు ఏ పిస్తోలులో పేలాయో యాంకరేజ్‌లో పరీక్ష చేస్తే తేలుతుంది కదా అంది ఒడెస్సా. తేలుతుంది, కానీ వారాలు పడుతుంది, అంతవరకూ ఈమె లోపలే ఉండాలి అన్నాడు ఈకిన్స్.

ఒడెస్సా ఆ మూడు నిండు తూటాలనూ బల్ల మీద నిలబెట్టింది. కాఫీ డబ్బాలోంచి మూడు కొత్తవి తీసి వాటి పక్కన నిలబెట్టింది. కళ్ళు బల్ల అంచుకు ఆనించి చూసింది. ఆరింటికీ ఎత్తులో వెంట్రుకవాసి తేడా లేదు.

"మీ సాక్షులకి ఏం వినపడిందో నేనూ వినాలి," అంది లేస్తూ. "టక్, డబ్బాలోంచి ఆరు తీసి నింపుకో. కొట్టం దగ్గరికెళ్ళి మూడు పేల్చు. నీదీ సిగ్రిడ్‌దీ ఒకే రకం పిస్తోలు కదా."

టక్ పొదల మధ్య నిలబడి నదివైపు గురిపెట్టాడు. మొదటి గుండు పేలింది. అరచేతిని కొరడాతో కొట్టినట్టయింది, కళ్ళ ముందు నారింజరంగు మంట విచ్చుకుంది, అవతలి గట్టు మీద మట్టి బుస్సుమని లేచింది. టక్ గట్టిగా నవ్వేశాడు. ఇంత నొప్పిలో ఇంత ఆనందం ఏమిటో అతనికే తెలియలేదు. పళ్ళు బిగించి రెండోది పేల్చాడు. మోచేయి దాకా జివ్వుమంది. ఇంకొక్కటే కదా అని మూడోసారి ట్రిగ్గరు నొక్కాడు. అది కదల్లేదు. రెండు వేళ్ళతో లాగినా కదల్లేదు. ఆరు అరల చక్రం సగం తిరిగి బిగుసుకుపోయింది. వారం కింద కొన్న పిస్తోలు, నూనె రాసి పెంచుకున్న పిస్తోలు, తన చేతిలోనే చచ్చింది.

తల వంచుకుని వరండాకు వచ్చాడు. "మూడోది పేల్లేదు, బాస్. విరగ్గొట్టేసినట్టున్నాను."

డాక్టరు చెవులు రుద్దుకుంటున్నాడు. "ఇదేం మోతండీ, చెంప మీద కొట్టినట్టుంది. నిన్నటివి ఇలా లేవు. బొంగురుగా, పెద్ద డోలు మోగినట్టున్నాయి," అన్నాడు.

ఒడెస్సా పిస్తోలును వెలుగుకు ఎత్తి పట్టుకుంది. చక్రం ముందు భాగాన్ని చాలాసేపు చూసింది. గోటితో ఏదో తడిమింది. అప్పుడు ఆమె ముఖం విచ్చుకున్న తీరు చూసి టక్ ఒళ్ళు ఝల్లుమంది.

"నువ్వు విరగ్గొట్టలేదు, టక్. ఈవేళ నువ్వు చేసిన పనుల్లో పనికొచ్చింది ఇదే," అంది. ఏమిటని అడిగితే చెప్పలేదు. అంతలో కొండ మీంచి విమానం మోత వినిపించింది. సిగ్రిడ్ ముఖం పాలిపోయింది. నీళ్ళ మీద దిగిన ఆ విమానం మెల్లగా రేవు వైపు వస్తుంటే, ఈకిన్స్ బేడీలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అందర్నీ ఇక్కడికి పిలవండి, ఈకిన్స్. కాసేపే. ఆ తరవాత మీ ఇష్టం వచ్చిన వాళ్ళని తీసుకుపొండి," అంది ఒడెస్సా.

అందరూ వరండాలో చేరారు. సిగ్రిడ్ స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. గారెట్ కుర్చీ వెనక్కి వాల్చి కాళ్ళు చాపుకున్నాడు. ఒడెస్సా కాఫీ డబ్బా తెచ్చి ఈకిన్స్ ముందు పెట్టింది. సిగ్రిడ్ పిస్తోలులో ఆరు కొత్త తూటాలు ఆయన చేత్తో ఆయన్నే వెయ్యమంది. ఆ నూనె పీపా మీద మూడు గుళ్ళు పేల్చమంది.

"మూడా?" అన్నాడు ఈకిన్స్, చెయ్యి చూసుకుంటూ.

"ఇప్పటిదాకా ఈ లాడ్జిలో ఎవరూ పేల్చలేదు. మీకా ఘనత దక్కనీయండి."

మొదటిది పేలింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. రెండోది పేలింది, పీపా ఎగిరి పడింది, ఈకిన్స్ నోటి నుంచి రాకూడని మాట ఒకటి వచ్చింది. మూడోసారి ఆయన వేలు బిగిసింది. ట్రిగ్గరు కదల్లేదు. ఆయన పిస్తోలు వైపు, ఒడెస్సా వైపు వెర్రిచూపు చూశాడు.

"చక్రం ముందువైపు చూడండి. ఏం కనిపిస్తోంది?"

"తూటాలో గుండు బయటికి పొడుచుకొచ్చింది. చట్రానికి అడ్డుపడింది," అన్నాడు ఈకిన్స్ నెమ్మదిగా.

ఒడెస్సా గొంతు పెంచలేదు, కానీ ఉత్సాహం ఆమె మాటల్లో పొంగుతోంది. అరచేతిలో ఇమిడేంత తేలికైన పిస్తోలు, లోపల అంత పెద్ద తూటా. పేలినప్పుడల్లా గుర్రంలా వెనక్కి తంతుంది. ఆ తన్నుకు చక్రంలో మిగిలిన తూటాల డొప్పలు పిస్తోలుతో పాటు వెనక్కి లాగబడతాయి, బరువైన సీసపు గుళ్ళు మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి. డొప్ప అంచు గట్టిగా బిగించకపోతే తన్నుకింత చొప్పున గుండు ముందుకు జారుతుంది. సిగ్రిడ్ తూటాలు చేసింది లాడ్జి పాత బరువు పిస్తోలు కోసం. దానికి ఆ బిగింపు చాలు, అది అంతగా తన్నదు. పొట్టిదానికి చాలదు. ఈ సంగతి బయటపడాలంటే నిండా తూటాలు వేసి వరసగా కాల్చి చూడాలి. ఈ లాడ్జిలో ఆ పని ఎవరూ చెయ్యలేదు, ఎందుకంటే ఇక్కడ ఆట ఒకే తూటాతో, ఒక్క గుండుతో.

"ఇప్పుడు నిన్న దొరికిన ఈ మూడు నిండు తూటాలు చూడండి," అంది. "డబ్బాలో తూటాలంత ఎత్తే ఉన్నాయి. ఒక్క తన్ను కూడా తినలేదివి. ఈ పిస్తోలులో నిన్న మూడు కాదు గదా, ఒక్కటి కూడా పేలలేదు. వేరే పిస్తోలులో పేలిన డొప్పలు మూడు తెచ్చి, డబ్బాలోంచి మూడు తూటాలు తీసి, మేకు మీదున్న దీంట్లో పెట్టారు."

గారెట్ కుర్చీ ముందు కాళ్ళు నేలకు తగిలాయి. "కాల్చాక కొత్తవి వేసుకుని ఉంటుంది," అన్నాడు.

"ఖాళీ డొప్పలు ఉంచుకుని, నిండువి పారేసి మళ్ళీ నిండువి వేసుకుందా? తనను పట్టించే డొప్పలు భద్రంగా దాచుకుందా? అయినా మూడోది దీంట్లో పేలదు కదయ్యా."

ఒడెస్సా డాక్టరు వైపు తిరిగింది. పొట్టి గొట్టం మోత చెంపదెబ్బలా ఉంటుంది, పొడుగు గొట్టం మోత బొంగురుగా ఉంటుంది. నిన్న ఈయన విన్నది రెండోది. ఈ లాడ్జిలో అదే తూటా పట్టే పొడుగు గొట్టం పిస్తోలు ఒకటే ఉంది. దాన్ని ఈ పొద్దున టక్ చూశాడు, ఎలా ఉందో చెప్పమంది.

"అద్దంలా మెరుస్తోంది, బాస్," అన్నాడు టక్. అన్నాక గానీ తనేం అన్నాడో అతనికి తట్టలేదు.

"వేసవంతా తుప్పు పట్టిందని తిట్లు తిన్నవాడు, యజమాని ఆసుపత్రి పాలయ్యాక తీరిగ్గా కూర్చుని నూనె రాశాడు. ముసలాయన్ని సంతోషపెట్టడానికి కాదు, మసి పోగొట్టడానికి." ఒడెస్సా గారెట్ ఎదురుగా నిలబడింది. "లాడ్జి సిగ్రిడ్‌కి ఇస్తానన్న మాట ఆ రాత్రి ఎవరికీ వినపడలేదు. నువ్వు మాత్రం ఆ మాటే నాకు అప్పజెప్పావు. కిటికీ కింద చేపలు కోస్తూ విన్నావు. పేలిన వెంటనే ఆమె దీన్ని మేకుకు తగిలిస్తుంటే చూశానన్నావు. పేలని పిస్తోలును అంత పరుగు మీద తెచ్చి ఆమె ఎందుకు తగిలిస్తుంది, గారెట్? నిన్న ఆ మేకు దగ్గర నిలబడింది నువ్వు. పొట్టిదాన్ని అంతగా పొగిడిన మనిషివి, ఒక్కసారైనా మూడో గుండు పేల్చబోయి ఉంటే ఇలా దొరికేవాడివి కాదు."

గారెట్ లేవబోయాడు. ఈకిన్స్ చెయ్యి అప్పటికే అతని భుజం మీద ఉంది. గారెట్ సిగ్రిడ్ వైపు చూడకుండా అన్నాడు: "ఇరవయ్యేళ్ళు ఈ రేవు ఊడ్చాను. ఒక్కసారి, ఒక్కసారైనా నన్నడిగాడా?"

ఈకిన్స్ బేడీలు వేసి అతన్ని రేవు వైపు నడిపించాడు. పడవ పెట్టెలోంచి పొడుగు పిస్తోలును కూడా గుడ్డలో చుట్టి తీసుకున్నాడు.

సిగ్రిడ్ మెట్ల మీద కూలబడింది. ఏడుస్తుందేమోనని టక్ కంగారు పడ్డాడు. ఆమె తన పిస్తోలు చక్రంలో ఇరుక్కున్న గుండును వేలితో తడుముతోంది. "వేసవంతా దీన్ని నమ్ముకుని మనుషుల్ని ఎలుగుల మధ్య తిప్పాను," అంది. "ఒక్క గుండు తప్పితే రెండోదే నా చివరిది." ఒడెస్సా పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది. తూటా అంచు గట్టిగా బిగిస్తే ఆరూ పేలతాయని, అయినా ఆరు పేల్చాక కాఫీ కప్పు ఎవరైనా నోటికి అందించాల్సి ఉంటుందని చెప్పింది. డాక్టరు లోపలికెళ్ళి అందరికీ విస్కీ తెచ్చాడు. టక్ చెయ్యి వాచిపోయి గ్లాసు పట్టుకోవడం కూడా కష్టంగా ఉంది, అయినా ఆ సాయంత్రం అంత సంతోషంగా ఉన్న మనిషి ఆ అఖాతంలో ఇంకొకడు లేడు.

రేవులో ఈకిన్స్ గారెట్‌ను విమానం వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. పైలట్ తాడు విప్పబోతుంటే సిగ్రిడ్ గ్లాసు కింద పెట్టి లేచింది. పొద్దుట్నుంచీ ఏ విమానం పేరు చెబితే గుండె జారిపోయిందో, ఆ విమానం వైపే చెక్కవంతెన మీద గబగబా నడిచింది. ఈకిన్స్ ఆశ్చర్యపోయి, మీరిక రానక్కర్లేదమ్మా, మీ మీద ఏ కేసూ లేదు అన్నాడు.

"తెలుసు," అంది సిగ్రిడ్, ముందు సీటు తలుపు తెరుస్తూ. "ముసలాయనకి మెలకువ వచ్చేసరికి అక్కడుండాలి. మొన్న రాత్రి మా పోట్లాట సగంలో ఆగిపోయింది."